అట్ట లేని నవల

అబ్బాజాన్ పోయాక బీరువాలో మిగిలింది
అరవై మూడు నవలలు, ఒక బాకీల పద్దు.
చిత్తూరు చర్చి వీధిలో మా అద్దె పుస్తకాల అంగడి,
రోజుకు అర్ధరూపాయి.
పద్దులో అందరి పేర్లూ కొట్టేసి ఉన్నాయి, ఒక్కటి తప్ప:
"చెంగల్రాయుడు, సినిమా హాలు ఆపరేటరు.
అట్ట లేని నవల. రాలేదు."

ముప్పై ఒక్క ఏండ్ల అర్ధరూపాయలు
నేను లెక్క కట్టలేదు.
పుస్తకం కోసం పోయినా.
హాలు ఇప్పుడు మామిడి గుజ్జు డబ్బాల గోడౌను.
వాకిట్లో ఇనప కుర్చీ, దాంట్లో ఆయనే వాచ్‌మన్.

"బాషా కూతురివా? కూర్చో,
ఫస్టు షాటు చెప్తా."

నవల ఇవ్వలేదు. సినిమా మొదలుపెట్టాడు.

నీవా నది. నీళ్ళెప్పుడు పోయినాయో
ఊళ్ళో ఎవరికీ జ్ఞాపకం లేదు.
రాత్రిళ్ళు లారీలు ఇసుక తోలుతుంటాయి
మనుషులు ఇంకా పేరు పెట్టని గ్రహానికి.
కాటా దగ్గర చీటీలు రాసే పిల్ల మొగిలమ్మ.
ప్రతి లోడూ ఇసుక కంటే జాస్తి తూగుతుంది.
ఆ జాస్తి ఏందంటే
గింజ గింజలో దాక్కున్న పాత వరద.

ఆ ఇసుకతో కట్టిన గోడలు అమావాస్యకు మెత్తబడతాయి.
తాసిల్దారు ఆఫీసులో
సున్నం కింద చేపలు ఈదుతాయి.
ఎవరిదో పెళ్ళి ఫోటో వెనకనుంచి
ఒక తాబేలు, తొందరేం లేకుండా, దాటిపోతుంది.

"దీనికి కోట్లు ఎందుకు పాపా?
ఒక తెల్లగోడ, ఒక లైటు, దోసెడు దుమ్ము.
మిషను వెలుగులో దుమ్ము సూసినావా ఎప్పుడన్నా?
అవే చేపలు."

కార్బన్ కడ్డీల వెలుతుర్లో,
రీలుకూ రీలుకూ నడుమ చదివాడంట.
ఒక రాత్రి రీలు మార్చడం మరిచి
హాలంతా ఈలలు, కుర్చీలు విరిగినాయి.
ఓనరు రెండు దినాల జీతం కోశాడు.
"కోస్తే కోసినాడు.
మొగిలమ్మ అప్పుడే లారీ ఎక్కిండాది మరి!"

షూటింగుకు వచ్చిన మద్రాసు డైరెక్టరుకు
ఒకసారి కథంతా చెప్పినాడు, టీ ఇప్పించి.
ఆకాశం, నీవా ఏరు
ఒక ఫ్రేములో పట్టవన్నాడంట ఆయన.
"పట్టకపోవడమేంది? పైకి సూడమను,
రెండూ ఒగే తావులో ఉండాయి" అని
ఇప్పటికీ ఆ కుర్చీలోంచే కొట్లాడుతున్నాడు.

నూటతొంభైరెండో పేజీ. లారీ వంతెన మీద ఆగింది.
ఎవరో టార్చి వేశారు.
అంతే. తర్వాత పేజీలు లేవు.
ఆ టార్చి ఎవరిదో ఆయన
పోలీసుకిచ్చాడు, చచ్చిపోయిన తల్లికిచ్చాడు,
నదికే ఇచ్చి చూశాడు.
ఏ రాత్రి క్లైమాక్సు మరో రాత్రికి నచ్చలేదు.

అబ్బాజాన్ దేన్నీ పారేసే మనిషి కాదు.
చిరిగిన నవల పేజీలు
ఇంకో నవల అట్టకు అస్తరయ్యేవి, మైదా గంజితో.
ఇంటికొచ్చి కెటిల్ ఆవిరి పట్టాను ఒక్కో అట్టకూ.
పదిహేడో పుస్తకం,
ఏదో హత్య కేసు, దాని వెనకట్ట లోపల
రెండు వందల ఎనిమిదో పేజీ:

"మొగిలమ్మ ఉలిక్కిపడి లేచింది.
తెల్లగా తెల్లారింది. అంతా కల."
కింద, నక్షత్రాల నడుమ, సమాప్తం.

గంజి కాచాను. కొంచెం చిక్కగానే.
పేజీని మళ్ళీ అతికించి
పైన బరువుకు సన్నికల్లు పెట్టాను.

ఆదివారం అడిగాడు: "కడాపేజీలు దొరికినాయా?"
"లేదు" అన్నాను.

చాలాసేపు నన్నే చూశాడు.
గుజ్జు డబ్బాల వాసన, ఈగలు.
"మీ నాయనా అట్లే అన్నాడు.
నేలను సూస్తా."

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కొని
"సరే, అది పోనీ.
ఇంటర్వెల్ యాడ ఇద్దామో చెప్పు,
తాబేలు కాడనా, లారీ కాడనా?"